ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి: తెలుగు నీతిపద్యం మీద ఒక విచారణ

తెలుగు బడిలో అక్షరాల తర్వాత పిల్లలకు నేర్పేది నీతిపద్యం. ఎట్లా బతకాలి, ఎవరితో ఎట్లా మెలగాలి, దయ అంటే ఏమిటి, సజ్జనుడంటే ఎవరు అన్న ప్రశ్నలకు మన భాషలో తరతరాలుగా జవాబు చెప్తున్నవి కొన్ని శతకాలే. సుమతీ శతకం, వేమన పద్యాలు నోటికి రానివాడు చదువుకున్నవాడి కింద లెక్క కాడు. మా ఇండ్లల్లో మొదటిసారి బడి మెట్టు ఎక్కినవాళ్లం మేము. ఈ పద్యాలు మాకూ నోటికొచ్చు. నోటికొచ్చినయి కాబట్టే వాటిని నిలేసి అడగవలసిన పని మా మీద పడింది. ఈ నీతి ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు? దీనిలో దయ ఎటు నుంచి ఎటు పారుతుంది? వెలివాడలో పుట్టినవాడు ఈ నీతిలో మనిషిగా ఉన్నాడా, లేక దయ చూపించడానికి పనికొచ్చే వస్తువుగా ఉన్నాడా?

ఈ ప్రశ్నలు వేస్తే 'పాత పద్యాలను నేటి కొలతతో కొలవొద్దు' అని మన విమర్శకులు వెంటనే అడ్డుపడతారు. పాతవైతే వాటిని గ్రంథాలయంలో పెట్టి ఉండాల్సింది. అవి ఇవ్వాళటికీ పిల్లల నోళ్లల్లో ఉన్నయి, పెద్దల తిట్లల్లో ఉన్నయి, సభల్లో ఉపన్యాసాల్లో ఉన్నయి. బతికున్నవాటిని బతికున్నవాటిలాగే విచారించాలి.

రాజుకు చెప్పిన తెలివి

సుమతీ శతకాన్ని సంప్రదాయం బద్దెన పేర చెప్తుంది. బద్దెన కాకతీయుల కాలంవాడు, 'నీతిశాస్త్ర ముక్తావళి' రాసినవాడు. అంటే తెలుగు నీతికి ఒక పుట్టుచోటు మా ఓరుగల్లు రాజ్యపు నీడలోనే ఉంది. ఆ ముక్తావళి చెప్పేది రాజనీతి: మంత్రులను ఎట్లా ఎంచుకోవాలి, ఎవరిని ఎంత దూరంలో ఉంచాలి, కొలువు ఎట్లా నడపాలి. తర్వాత మడికి సింగన కూర్చిన 'సకలనీతి సమ్మతము'లోనూ ఇదే దారి. మధ్యయుగాల తెలుగులో నీతి అంటే ఎక్కువపాళ్లు రాజ్యాన్నీ, ఇంటినీ, ఆస్తినీ నిలబెట్టుకునే తెలివి. 1853లో వచ్చి తరాల తరబడి పాఠ్యపుస్తకమైన చిన్నయసూరి 'నీతిచంద్రిక' సంగతీ అంతే. చదువు రాని రాజకుమారులకు విష్ణుశర్మ అనే బ్రాహ్మణుడు కథలు చెప్పడం దానికి చట్రం. చెప్పేవాడు బ్రాహ్మణుడు, వినేవాడు రాజు కొడుకు. ఆ కథల్లో మాట్లాడే నక్కకూ కాకికీ చోటుంది. గోతులు తవ్విన, తోలు తీసిన, డప్పు కొట్టిన మనిషికి ఆ సంభాషణలో చోటు లేదు.

రాజుకు చెప్పిన తెలివిని తెచ్చి అందరికీ సద్గుణమని పంచిపెడితే ఏమవుతుంది? సుమతీ శతకంలోనే మూడు పద్యాలు చూద్దాం.

అడిగిన జీతం ఇయ్యని దొర కింద మగ్గడం కంటే మంచి ఎద్దులు కట్టుకొని సొంత మడి దున్నుకోవడం మేలని ఒక పద్యం చెప్తుంది. వినడానికి ఎంత బాగుంది! ఆత్మగౌరవం ఉట్టిపడుతుంది. కానీ ఎద్దులెవరివి? మడి ఎవరిది? తెలంగాణ పల్లెల్లో జీతగాడి చేతికి ఎద్దుల పగ్గం ఇచ్చారు గాని ఎద్దులను ఇవ్వలేదు. నిజాం రాజ్యంలో వెట్టి మాదిగ అన్నవాడు జీతం అడిగే స్థితిలో కూడా లేడు. అతని పని పేరే వెట్టి. తాత చేసిన అప్పుకు మనవడు పాలేరుగా పోయిన ఇండ్లు మా తరానికీ తెలుసు. వెట్టిచాకిరి రద్దు చట్టం దేశానికంతటికీ వచ్చింది 1976లో. అప్పటిదాకా ఈ పద్యం జీతగాడికి సలహా కాదు, ఎగతాళి.

ఈ సలహాను నిజంగా పాటించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1940ల్లో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ భూమి కౌలుకు తీసుకొని ఎవుసం చేసింది. ఎవరి కిందా మిడకకుండా తన రెక్కలతో తాను పంట తీసింది. అప్పుడు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఆ ధాన్యం మీదికే వచ్చారు. కింది కులం స్త్రీ శతకం చెప్పిన నీతిని అక్షరాలా ఆచరిస్తే దొరకు అది నేరమైంది. ఆ ధాన్యాన్ని కాపాడింది సంఘం, సంఘంలో చేరిన జనం. ఏ నీతిపద్యమూ కాపాడలేదు. శతకం ఒంటరి మనిషికి చెప్తుంది. ఒంటరిగా నీతి పాటించడానికి కూడా ఆస్తి కావాలనే సంగతి మాత్రం చెప్పదు.

రెండో పద్యం కుక్కను బంగారు గద్దె మీద కూర్చోబెట్టినా దాని బుద్ధి మారదంటుంది. ఇది ఎవరిని ఉద్దేశించి రాశారో మాకు తెలవదు. ఎవరి మీద ప్రయోగిస్తున్నారో మాత్రం తెలుసు. రిజర్వేషన్ మీద ఉద్యోగమొచ్చినవాడి మీద, సర్పంచైన మాలాయన మీద, మాదిగామె మీద, హాస్టల్ నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చిన పిల్లల మీద. గుణం పుట్టుకతో వస్తుంది, పదవితో మారదు అనే మాటను నీతిగా నేర్పినంక వర్ణధర్మాన్ని వేరే నేర్పాల్సిన పని లేదు. ఆ పనిని పద్యమే చేస్తుంది, అదీ నాలుగు పాదాల్లో, లయతో, పిల్లవాడి నోటితో.

మూడోది మనకు అన్నిటికంటే ఇష్టమైనది. మన శత్రువు బయట లేడు, మన కోపంలోనే ఉన్నాడు, దయను బంధువుగా దగ్గర ఉంచుకోవాలి అని చెప్పే పద్యం. ఒక మనిషి తన లోపల చేసుకునే సాధనగా చూస్తే దీనికి వంక పెట్టలేం. కానీ కోపం ఎవరిది అన్న దాన్నిబట్టి దీని అర్థం మారిపోతుంది. 1985 జూలై 16న కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువును గొడ్ల కడుగునీళ్లతో మురికి చేస్తుంటే అడ్డుచెప్పిన యువకుణ్ణి కొట్టారు. అతనికి అడ్డం పోయిన ఒక స్త్రీ, తన మీద కూడా దెబ్బ పడబోతే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు ఊరు ఊరంతా పల్లె మీద పడింది. ఆరుగురు చనిపోయారు. ఆ తల్లికి 'నీ కోపమే నీ శత్రువు' అని చెప్పగలమా? ఆమె బిందె ఎత్తిన క్షణంలో ఉన్నది దయ లేనితనమా, న్యాయమా? ఆ కోపం నుంచే దళిత మహాసభ పుట్టింది. ఆ కోపం నుంచే ఆంధ్రదేశంలో ఒక కొత్త నీతి గురించి మాట్లాడే నోళ్లు వచ్చినయి. దెబ్బ తిన్నవాడి కోపాన్నీ, కొట్టేవాడి కోపాన్నీ ఒకే గాటన కట్టి రెంటినీ శత్రువులనే నీతి, కొట్టేవాడి పక్షానే ఉంటుంది.

వేమన దగ్గర కొంచెం సేపు

'సుమతీ శతకం సరే, వేమన ఉన్నాడు కదా' అంటారు. ఉన్నాడు. వేమనను బ్రౌన్ 1829లో అచ్చువేసిన నాటి నుంచి, 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఉపన్యాసాలిచ్చిన నాటి మీదుగా, ప్రజాకవి అని మనం గొంతెత్తి చెప్పుకున్న నాటిదాకా తెలుగు పండితులు ఆయనను ఎన్ని రకాలుగా అంగీకరించారో, అంగీకరించలేక అవస్థపడ్డారో తెలిసిందే. మాకు వేమన మీద గౌరవం ఉంది. మాలను ముట్టుకుంటే స్నానం చేసేవాళ్లను ఆయన పట్టుకొని అడుగుతాడు: చచ్చినాక నిన్ను కాల్చేది ఆ మాలే కదా, అప్పుడు అంటుకున్న అంటు ఎటు పోయింది? ఇది అంటరానితనం మీద తెలుగులో వచ్చిన పదునైన తర్కాల్లో ఒకటి. ఒక్క ప్రశ్నతో మడి మొత్తాన్ని కాట్లో పెట్టాడు.

కానీ వేమన పేరు మీదనే ఇంకో పద్యం కూడా ప్రచారంలో ఉంది. మాల మాల కాడు, ఆడిన మాట తప్పినవాడే అసలైన మాల అని దాని భావం. దీన్ని సంస్కరణ వేదికల మీద చప్పట్ల మధ్య చదువుతారు. చదివేవాళ్ల ఉద్దేశం మంచిదే. మేము ఆ చప్పట్లలో చెయ్యి కలపలేం. ఎందుకంటే ఆ పద్యం మాలను నింద నుంచి విడిపించింది గాని, మాల అన్న మాటను నింద నుంచి విడిపించలేదు. అబద్ధమాడేవాడికి పెట్టడానికి ఒక చెడ్డ పేరు కావలసివచ్చింది, దొరికిన పేరు మా తాతల పేరు. మాట తప్పినవాణ్ణి 'మాట తప్పినవాడు' అంటే చాలదా? ఇవ్వాళటికీ తెలుగు ఇండ్లల్లో గొడవలొస్తే, పిల్లలు మురికిగా తిరిగితే, ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాడే మాటలు వింటే ఇది చిన్న విషయం కాదని తెలుస్తుంది. ఒక జాతి పేరు దుర్గుణానికి పర్యాయపదంగా ఉన్నంతకాలం ఆ భాషలో సద్గుణం గురించి చెప్పే ప్రతి మాటా ఆ జాతిని వెలివేస్తూనే ఉంటుంది. 1989 అత్యాచార నిరోధక చట్టం కులం పేరుతో బహిరంగంగా అవమానించడాన్ని నేరం చేసింది. శతకం మీద ఎవరూ కేసు పెట్టమనడం లేదు. చదివి వినిపించే ముందు ఆలోచించమంటున్నాం.

చెన్నయ్య అంబలి

మరి ఈ నేల మీద వేరే నీతి లేదా? ఉంది. అది కూడా మా ప్రాంతంలోనే ఉంది. పాలకుర్తి సోమనాథుడి 'బసవపురాణం'లో మాదార చెన్నయ్య కథ ఉంది. కరికాలచోళుడి గుర్రాలకు గడ్డి కోసి తెచ్చే మాదిగ అతను. రాజు రోజూ శివుడికి రాజభోజనం పెడతాడు. ఒకనాడు శివుడు తినడు. ఎందుకంటే చెన్నయ్య ఇంట అంబలి తాగి వచ్చాడు, కడుపు నిండింది. రాజు పోయి చెన్నయ్య కాళ్ల మీద పడతాడు.

ఈ కథలో శివుడు మాదిగకు వరమివ్వలేదు, అన్నం పెట్టలేదు, జాలి చూపలేదు. మాదిగ చేతి నుంచి పుచ్చుకున్నాడు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. తెలుగులో దయ గురించి చెప్పినవాళ్లందరూ 'ఇవ్వండి' అన్నారు. అన్నం పెట్టండి, దానం చెయ్యండి, ఆకలిగొన్నవాణ్ణి ఆదుకోండి. ఇవ్వడానికి కులవ్యవస్థ ఎప్పుడూ అడ్డు రాలేదు. పైనుంచి దోసిట్లోకి నీళ్లు పోయడం దయే. ఇంటి వెనక గడప కాడ నిలబెట్టి మిగిలిన బువ్వ వెయ్యడం దయే. పండుగకు పాత బట్ట ఇయ్యడం దయే. ఇవన్నీ చేసి చెయ్యి తగలకుండా చూసుకోవచ్చు. దయ ఎంత పెరిగినా అంటు తగ్గాల్సిన పనిలేదు. కుల సమాజానికి దయతో ఏ పేచీ లేదు. దాని పేచీ అంతా పుచ్చుకోవడంతోనే.

సోమనాథుడికి కూడా ఒక హద్దు ఉంది. ఆయన దగ్గర గీత కులం మీద నుంచి లేచి భక్తుడికీ భవికీ మధ్యకు పోయింది. శివభక్తుడైతేనే చెన్నయ్య చెన్నయ్య. భక్తుడు కాని మాదిగ సంగతేమిటి? అంబలి విలువ శివుడు తాగడం వల్ల వచ్చిందా, చెన్నయ్య కష్టం వల్ల వచ్చిందా? దేవుడు సాక్ష్యం చెప్తే తప్ప మనిషి మనిషి కాకపోవడం సోమనాథుడు దాటలేని చోటు.

ఆ చోటు దాటినవాడు జాషువ. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీ సుతుడు కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. గుళ్లోకి గబ్బిలానికి దారి ఉంది, అతనికి లేదు. పూజారి లేని వేళ చూసి చెవిలో చెప్పమంటాడు. కానీ ఆ కావ్యంలో మాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి. అతని రెక్కల కష్టం లేకపోతే పంటే లేదని, లోకానికి తిండి పెట్టేవాడికే తిండి లేదని జాషువ అంటాడు. ఈ ఒక్క మాటతో దయ లెక్క మొత్తం తిరగబడింది. ఇన్నాళ్లూ ఇచ్చేవాళ్లుగా నిలబడ్డవాళ్లు నిజానికి పుచ్చుకుంటున్నవాళ్లు. తాము పుచ్చుకుంటున్నామని ఒప్పుకోనివాళ్లు. వడ్లు పుచ్చుకున్నారు. చెప్పులు పుచ్చుకున్నారు. మోట బొక్కెన తోలు పుచ్చుకొని ఆ నీళ్లతోనే పొలం పారించుకున్నారు. పెండ్లికీ చావుకూ డప్పు పుచ్చుకున్నారు. అదే చెయ్యి వండిన అన్నం, అదే చెయ్యి ముంచిన నీళ్లు మాత్రం పుచ్చుకోరు. వడ్లకు లేని మైల అన్నానికి ఎట్లా వస్తుంది? తెలుగు నీతి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. వేమన ఒక్కడు కాడు చూపించి అడిగాడు.

ముందు సమత, తర్వాత కరుణ

అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో ఒక తేడా చూపించాడు. నియమం వేరు, సూత్రం వేరు. నియమం ఇట్లా చెయ్యి, అట్లా చెయ్యొద్దు అంటుంది. సూత్రం ఎందుకు చెయ్యాలో ఆలోచించమంటుంది, చేసినదానికి బాధ్యత నీదే అంటుంది. హిందూమతంగా చెలామణి అయ్యేది నియమాల మూట అని ఆయన విమర్శ. కులం వల్ల ప్రజాస్ఫూర్తి చచ్చిపోయిందని, సద్గుణానికి కూడా కులం అంటుకుందని, నీతి కులం సరిహద్దు దాటడం మానేసిందని అక్కడే రాశాడు. మా కులపోడు ఆపదలో ఉంటే దయ, వేరే కులపోడైతే వాడి కర్మ. ఇది మనం ప్రతి ఊళ్లో చూసేదే.

అంబేద్కర్ చనిపోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన ఇంకో అడుగు వేస్తాడు. మనిషి ఒక్కడే ఉంటే ధమ్మంతో పనిలేదు, ఇద్దరు మనుషులున్నచోటే ధమ్మం కావాలి. ధమ్మమంటే మనిషికీ మనిషికీ మధ్య సరైన సంబంధం. ప్రజ్ఞ ఒక్కటే చాలదు, శీలం కావాలి. కరుణ కూడా చాలదు, మైత్రి కావాలి. కరుణకూ మైత్రికీ తేడా ఏమిటి? కరుణ బాధపడేవాడి వైపు వంగుతుంది. మైత్రిలో వంగడం ఉండదు, పక్కన కూర్చోవడం ఉంటుంది. మిత్రుడి చేతి ముద్ద ఎవడూ కాదనడు. మేము పుచ్చుకోవడం అంటున్నది ఈ మైత్రినే.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల వరస చూడండి. దొంగతనం చెయ్యను, అబద్ధమాడను, తాగను, ప్రాణులన్నిటి పట్ల కరుణతో ఉంటాను అన్న మాటలు అక్కడా ఉన్నయి. శతకాలు చెప్పేవీ ఇవే కదా అనిపిస్తుంది. కానీ మనుషులంతా సమానమని నమ్ముతాను అన్నది తొమ్మిదోది. సమానత్వం కోసం పాటుపడతాను అన్నది పదోది. కరుణ పదమూడోది. సమత మీద నిలబడని కరుణ ఎట్లా ఉంటుందో అనుభవంతో తెలిసినవాడు పెట్టిన వరస అది. శతకంలో దయ ఉంది, సమత లేదు. కాబట్టి అక్కడ దయ దొర గుణమైంది, ఇక్కడ కరుణ పౌరుడి బాధ్యతైంది.

మహారాష్ట్రలోని మహద్‌లో 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు అంబేద్కర్ అడిగింది నీళ్లు పోసే దయ కాదు, తన చేత్తో తాను ముంచుకునే హక్కు. ఆ తర్వాత ఆ చెరువును గోమూత్రంతో శుద్ధి చేశారు. ఇది పాత కథ అని తేలిగ్గా తీసేయొద్దు. సుప్రీంకోర్టు 2001లో బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టమంది. 2004లో వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వమంది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత స్త్రీ వండిందని అగ్రకులాల పిల్లలు ఆ అన్నం ముట్టలేదు. ఆమెను పనిలోంచి తీసేశారు, గొడవైనాక మళ్లీ తీసుకున్నారు. ఆ పిల్లలకు బళ్లో నీతిపాఠాలు చెప్పలేదా? తప్పకుండా చెప్పే ఉంటారు. పొద్దున చెప్పిన నీతికి మధ్యాహ్నం పరీక్ష వచ్చింది.

మన వాడల సంగతి

ఇదంతా ఊరివాళ్లకు చెప్పి ఊరుకుంటే మా విచారణ సగమే అవుతుంది. మాల ఇంట్లో మాదిగ ముంచిన నీళ్లు నడుస్తయా? మాదిగ గడపలోకి డక్కలాయన వస్తడా? కులపురాణం చెప్పి మన పుట్టుక గొప్పదని పాడే డక్కలివాళ్లకు, మన కథను యక్షగానంగా ఆడే చిందోళ్లకు, మనం ఇచ్చేది త్యాగమా, మిరాశీయా, పైనుంచి వేసే ముద్దా? 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా అడిగింది ఉద్యోగాల లెక్క ఒక్కటే కాదు. అణచబడ్డవాళ్ల మధ్య నీతి ఏమిటని అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారిచ్చింది, 2025లో తెలంగాణ చట్టం చేసింది. చట్టం వాటా పంచుతుంది. ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టుకునే మైత్రిని చట్టం పంచదు. అది మనమే చేసుకోవాలి. ఇంట్లో వండి, అందరికీ పెట్టి, ఆఖరున తినే స్త్రీ చేతి నుంచి అన్నంతో పాటు సలహాను కూడా పుచ్చుకోవాలన్నది ఇందులో భాగమే. శతకాలు ఆడమనిషి మాట నమ్మొద్దన్నయి. ఆ నీతినే మన సంఘాల్లో మనం నడుపుతుంటే మనం విమర్శించింది ఏమిటి?

కాబట్టి నీతిపద్యాలను తగలబెట్టమని మేము అనడం లేదు. చదువు చెప్పే మిత్రులు వాటిని చెప్పే తీరు మార్చమంటున్నాం. సొంత మడి పద్యం చెప్పినప్పుడు, మన ఊళ్లో భూమి ఎవరి పేరు మీద ఉందో పిల్లలనే అడిగి రాసుకు రమ్మనండి. మాట తప్పినవాడి పద్యం వచ్చినప్పుడు, ఆ పేరుగల పిల్ల ముందు బెంచీలో కూర్చొని వింటోందని గుర్తుపెట్టుకోండి. కోపం పద్యం చెప్పినప్పుడు కారంచేడు చెప్పండి. దయ గురించి చెప్పవలసివస్తే 'మీరు ఎవరికి ఏమిచ్చారు' అని అడగొద్దు. ఇచ్చిన లెక్క అందరి దగ్గరా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరెవరి చేతి నీళ్లు తాగుతారు, ఎవరి చేతి నీళ్లు తాగరు అని అడగండి. పిల్లలు అబద్ధం చెప్పరు. ఆ జవాబులు నల్లబల్ల మీద రాసి పెట్టండి. దయ మీద పాఠం ఆ జాబితా దగ్గర మొదలు కావాలి.